లాగ్‌లో కాలం సరిచేశాకే ఇంధనం సరిచేయాలి

(ఇంజన్ ట్యూనింగ్‌పై పాఠకుల ప్రశ్నలు, జవాబులు)

ప్రశ్న: మాది విజయవాడ ఆటోనగర్‌లో చిన్న వర్క్‌షాపు. నాలుగు సిలిండర్లు, 1.2 లీటర్ల పెట్రోలు ఇంజన్ ఉన్న ఒక కారుకు విడిగా కొన్న ఈసీయూ (ఇంజన్‌ను నడిపించే కంప్యూటర్) బిగించి, వైడ్‌బ్యాండ్ లాంబ్డా సెన్సర్ (పొగను బట్టి గాలి, ఇంధనాల పాళ్లు చెప్పేది) లాగ్‌లు, అంటే క్షణక్షణం రీడింగులు నమోదైన పట్టికలు, చూసుకుంటూ ఫ్యూయల్ టేబుల్ (ఏ ఆర్‌పీఎం, ఏ లోడు దగ్గర ఎంత ఇంధనం ఇవ్వాలో చెప్పే పట్టిక) దిద్దుతున్నాను. పైపుకు రంధ్రం పెట్టడం కారు యజమానికి ఇష్టం లేకపోవడంతో సెన్సర్‌ను క్లాంపుతో సైలెన్సర్ చివర బిగించాను. డైనో (కారును ఒకే చోట ఉంచి పరుగు పరీక్షించే యంత్రం) మీద రెండో గేరులో ఫుల్ థ్రాటిల్ ఇస్తే 4,250 ఆర్‌పీఎం దగ్గర మిక్చర్ లీన్ అవుతోంది (ఇంధనం చాలడం లేదు). మూడో గేరులో అదే లోపం 4,125 దగ్గర కనిపిస్తోంది. టేబుల్‌లో 4,000, 4,500 గడులు రెండింటిలోనూ ఇంధనం 6 శాతం పెంచాను. ఇప్పుడు 4,500 దాటాక మిక్చర్ రిచ్ అవుతోంది (ఇంధనం ఎక్కువవుతోంది), మొదటి లోపం మాత్రం సగమే తగ్గింది. సెన్సర్ పాడయిందంటారా?

జవాబు: సెన్సర్ పాడయిందనడానికి మీరు పంపిన లాగ్‌లో ఆధారమేమీ లేదు. మీరు రాసిన రెండు అంకెల్లోనే అసలు సంగతి ఉంది. తాను ఏ గేరులో తిరుగుతున్నదీ ఇంజన్‌కు తెలియదు. ఫుల్ థ్రాటిల్‌లో ఒక ఆర్‌పీఎం దగ్గర ఇంధనం చాలకపోతే ఏ గేరులోనైనా అదే ఆర్‌పీఎం దగ్గర చాలకూడదు. లోపం గేరును బట్టి చోటు మారుతోందంటే, ఇంజన్‌లో ఒక క్షణంలో జరిగినదాన్ని సెన్సర్ మరో క్షణంలో చెబుతోందని అర్థం. ఈ ఆలస్యం ఎంతో మీ లాగ్ నుంచే లెక్క కట్టవచ్చు. మీ లాగ్ ప్రకారం రెండో గేరులో ఇంజన్ సెకనుకు 1,000 ఆర్‌పీఎం చొప్పున, మూడో గేరులో సెకనుకు 500 చొప్పున పెరుగుతోంది. లోపం కనిపించిన చోట్ల మధ్య తేడా 125, పెరిగే వేగాల మధ్య తేడా 500. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 0.25 సెకను వస్తుంది. ఇప్పుడు 4,250లోంచి 250 తీసేయండి, 4,125లోంచి 125 తీసేయండి. రెండుసార్లూ 4,000 వస్తుంది. మీ ఇంజన్ లీన్ అవుతున్నది అక్కడే. 4,250 అనేది రెండు గడులకూ సరిగ్గా మధ్యలో పడటం వల్ల మీరు ఇంధనాన్ని రెండింటికీ పంచారు. దాంతో అవసరమైన గడికి సగం చేరింది, అవసరం లేని గడికి మిగతా సగం పోయింది. ముందుగా 4,500 గడిలో పెంచిన 6 శాతాన్ని తీసేయండి.

కృష్ణా తీరంలో ఉన్నవాళ్లకు ఈ ఆలస్యం కొత్త సంగతి కాదు. వరద రోజుల్లో పులిచింతల నుంచి వదిలిన నీరు ప్రకాశం బ్యారేజీకి చేరడానికి కొన్ని గంటలు పడుతుంది. కాబట్టి బ్యారేజీ దగ్గర ఇప్పుడు నమోదైన ఇన్‌ఫ్లోను పులిచింతలలో ఇప్పుడు వదులుతున్న నీటితో పోల్చి చూసేవాళ్లు ఎవరూ ఉండరు, కొన్ని గంటల కిందట వదిలినదానితోనే పోలుస్తారు. పైగా ప్రవాహం పెద్దదైతే నీరు త్వరగా వస్తుంది, సన్నగా ఉంటే నెమ్మదిగా వస్తుంది. సైలెన్సర్ పైపులో పొగ ప్రయాణమూ ఇలాగే ఉంటుంది. అందుకే ‘లాంబ్డా కాలమ్‌ను ఇన్ని వరుసలు పైకి జరపండి’ అంటూ అన్ని ఇంజన్లకూ, అన్ని వేగాలకూ ఒకే అంకె చెప్పే సలహాను నేను అంగీకరించను.

ఈ ఆలస్యం మూడు చోట్ల పుడుతుంది. మొదటిది ఇంజన్ లోపలే ఉంది. ఇంజెక్టర్ చిమ్మిన పెట్రోలు సిలిండర్‌లోకి వెళ్లి, కాలి, ఎగ్జాస్ట్ వాల్వు తెరుచుకున్నాక బయటపడటానికి సుమారు ఒక పూర్తి చక్రం, అంటే క్రాంక్‌షాఫ్ట్ రెండు చుట్లు తిరిగేంత సమయం పడుతుంది. 120ని ఆర్‌పీఎంతో భాగిస్తే ఆ సమయం సెకన్లలో వస్తుంది. 800 ఆర్‌పీఎం దగ్గర అది 0.15 సెకను, 6,000 దగ్గర 0.02 సెకను. రెండోది వాల్వు నుంచి సెన్సర్ దాకా పొగ చేసే ప్రయాణం. 38 మిల్లీమీటర్ల లోపలి వ్యాసం ఉన్న పైపు మీటరు పొడవుకు సుమారు 1.1 లీటర్లు పడుతుంది. మీ ఇంజన్ ఐడ్లింగ్‌లో (యాక్సిలరేటర్ నొక్కకుండా ఊరికే తిరిగేటప్పుడు) సెకనుకు దాదాపు రెండున్నర లీటర్ల గాలి పీల్చుకుంటుంది. అది వేడెక్కి రెట్టింపు పరిమాణమైందనుకున్నా ఆ ఒక్క మీటరు దాటడానికి పావు సెకను దాకా పడుతుంది. అదే ఇంజన్ 4,000 దగ్గర ఫుల్ థ్రాటిల్‌లో ఉంటే అదే మీటరును సెకనులో నూరో వంతులో దాటేస్తుంది. మూడోది సెన్సర్‌కూ దాని కంట్రోలర్‌కూ సంబంధించినది. సెన్సర్ తల మీదున్న చిల్లుల మూతలోంచి వాయువు లోపలికి చేరాలి, ఆ తర్వాత కంట్రోలర్ కొన్ని రీడింగుల సగటు తీసి బయటకు పంపాలి. ఈ భాగం ఇంజన్ వేగంతో పెద్దగా మారదు కాబట్టి, ఎక్కువ ఆర్‌పీఎంల దగ్గర మొత్తం ఆలస్యంలో దీనిదే పెద్ద వాటా అవుతుంది.

మీరు సెన్సర్ పెట్టిన చోటు గురించి కూడా చెప్పాలి. సైలెన్సర్ చివర అంటే మధ్యలో క్యాటలిటిక్ కన్వర్టర్ (పొగను శుద్ధి చేసేది), మఫ్లర్ (శబ్దం తగ్గించే డబ్బా) కలిపి పది లీటర్ల దాకా ఖాళీ ఉంటుంది. ఫుల్ థ్రాటిల్‌లో దాన్ని దాటడానికి సెకనులో పదో వంతు సరిపోవచ్చు గానీ, ఐడ్లింగ్‌లో రెండు సెకన్లు కూడా దాటుతుంది. అంతకంటే ముఖ్యమైన ఇబ్బంది ఇంకొకటి ఉంది. మఫ్లర్‌లో పాత పొగ, కొత్త పొగ కలిసిపోతాయి. ఆలస్యంగా వచ్చిన అంకెను వెనక్కి జరిపి దాని చోట పెట్టవచ్చు గానీ, కలిసిపోయిన అంకెను ఎంత జరిపినా విడదీయలేము. దీనికి తోడు ఐడ్లింగ్‌లో పైపు చివరి నుంచి బయటి గాలి లోపలికి చొరబడి లేని లీన్‌ను చూపిస్తుంది. అందువల్ల యజమానికి నచ్చజెప్పి, నాలుగు సిలిండర్ల పైపులు కలిసిన చోటుకు తర్వాత, క్యాటలిటిక్‌కు ముందు, సెన్సర్ విపరీతంగా వేడెక్కనంత దూరంలో బుష్ (సెన్సర్‌ను బిగించే మరలున్న రింగు) వెల్డింగ్ చేయించండి. పైపులో చేరే నీటి చుక్కలు సెన్సర్ మీద నిలవకుండా దాని తల కిందికి చూసేలా, అడ్డంగా ఉండే గీతకు కనీసం 10 డిగ్రీల వాలు ఉండాలి. పని అయ్యాక బుష్‌కు బిరడా బిగించి కారు అప్పగించవచ్చు.

సెన్సర్ స్థానం మార్చాక ఆలస్యాన్ని మీ ఇంజన్ మీదే కొలవండి. ఇంజన్ పూర్తిగా వేడెక్కాక, ఈసీయూ తనంతట తాను దిద్దుకునే క్లోజ్డ్ లూప్‌ను ఆపి, 2,500 ఆర్‌పీఎం దగ్గర తేలికపాటి లోడులో స్థిరంగా నిలపండి. లాంబ్డా 1.00 దగ్గర (గాలి, ఇంధనం సరిపోయే మిశ్రమం 1.00; అంకె తగ్గితే రిచ్, పెరిగితే లీన్) నిలకడగా ఉన్నప్పుడు ఇంధనాన్ని ఒక్క దెబ్బకు 10 శాతం పెంచండి. లాంబ్డా చివరికి 0.91 దగ్గర స్థిరపడాలి. ఇప్పుడు లాగ్ తెరిచి వరుసలు ఒక్కొక్కటిగా చదవండి. ఉదాహరణకు 12.40 సెకన్ల దగ్గర ఇంజెక్టర్ పల్స్ (ఇంజెక్టర్ తెరిచి ఉండే సమయం) పెరిగిందనుకుందాం. 12.45, 12.50 వరుసల్లో లాంబ్డా ఇంకా 1.00 గానే ఉంటుంది. 12.55లో 0.98, 12.60లో 0.95, 12.65లో 0.93, 12.70లో 0.92, చివరికి 12.75లో 0.91. చాలామంది లాంబ్డా మొదటిసారి కదిలిన 12.55ను పట్టుకుని ఆలస్యం 0.15 అంటారు. అది తక్కువ అంచనా అవుతుంది. మొత్తం మార్పులో 63 శాతం పూర్తయిన క్షణాన్ని తీసుకోవాలి. ఇక్కడ మొత్తం మార్పు 0.09, అందులో 63 శాతం సుమారు 0.057, అంటే లాంబ్డా 0.943ను దాటిన క్షణం. 0.95కూ 0.93కూ మధ్యలో అది సుమారు 12.62 దగ్గర పడుతుంది, కాబట్టి ఆలస్యం 0.22 సెకను. 63 శాతమే ఎందుకంటే, సెన్సర్ లాగా మొదట వేగంగా, తర్వాత నెమ్మదిగా చివరి విలువను చేరుకునే పరికరాన్ని నిలకడగా పెరుగుతున్న సంకేతం మీద పెడితే, అది సరిగ్గా అంత సమయమే వెనకబడి నడుస్తుంది. డైనో మీద మీరు చేసే పరుగు అలాంటి నిలకడైన పెరుగుదలే. ఈ పరీక్షను ఇంధనం పెంచుతూ, తగ్గిస్తూ కనీసం ఐదుసార్లు చేసి మధ్య విలువను తీసుకోండి. మీ లాగర్ సెకనుకు 20 వరుసలే రాస్తుంటే ఒక్కో కొలతలో 0.05 సెకను దాకా తేడా ఉండే అవకాశముంది.

కొలిచేటప్పుడు తెర మీద ఏఎఫ్‌ఆర్ (గాలి, ఇంధనాల బరువుల నిష్పత్తి) బదులు లాంబ్డానే పెట్టుకోవాలని నా అభిప్రాయం. ఏఎఫ్‌ఆర్‌లో సరైన మిశ్రమంగా చెప్పే 14.7 అన్న అంకె ఇథనాల్ కలవని పెట్రోలుది. 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలుకు అది 13.5 దగ్గరికి దిగుతుంది. లాంబ్డాలో మాత్రం సరైన మిశ్రమం ఏ ఇంధనానికైనా 1.00 గానే ఉంటుంది.

ఆలస్యాన్ని టేబుల్‌లోని ప్రతి గడి దగ్గరా కొలవనక్కరలేదు, రెండు చోట్ల కొలిస్తే చాలు. ఆలస్యంలో చక్రానికి పట్టే సమయం ఎంతో మనకు తెలుసు. ఇక తెలియనివి రెండే: సెన్సర్‌కు చెందిన స్థిర భాగం, పొగ ప్రవాహాన్ని బట్టి మారే భాగం. ప్రవాహానికి కొలతగా ఆర్‌పీఎంను మానిఫోల్డ్ ప్రెషర్‌తో (ఇంజన్‌లోకి గాలి వెళ్లే గొట్టంలోని పీడనంతో) గుణించి వాడుకోవచ్చు. 900 ఆర్‌పీఎం, 35 కిలోపాస్కల్ దగ్గర ఆలస్యం 0.46 సెకను, 3,000 ఆర్‌పీఎం, 60 కిలోపాస్కల్ దగ్గర 0.18 సెకను వచ్చిందనుకుందాం. చక్రం సమయాలు 0.133, 0.04 తీసేస్తే 0.327, 0.14 మిగులుతాయి. ప్రవాహపు లబ్ధాలు వరుసగా 31,500, 1,80,000. ఈ రెండు సమీకరణాలను సాధిస్తే స్థిర భాగం 0.10 సెకను, ప్రవాహపు భాగం సుమారు 7,100ను ఆ లబ్ధంతో భాగించినంత అని తేలుతుంది. ఇక 5,000 ఆర్‌పీఎం, 98 కిలోపాస్కల్ దగ్గర ఎంతో అడిగితే 0.10, 0.024, 0.014 కలిపి 0.14 సెకనుకు కొంచెం తక్కువ అని వెంటనే చెప్పగలరు. ఐడ్లింగ్ నుంచి ఫుల్ థ్రాటిల్ వరకు ఆలస్యం మూడింతలకు పైగా మారిందన్నది గమనించండి. తర్వాత మూడో చోట ఒకసారి కొలిచి ఈ లెక్కతో పోల్చి చూసుకుంటే నమ్మకం కుదురుతుంది.

లాగ్‌ను దిద్దేటప్పుడు ఎటు జరపాలన్న విషయంలో పొరపాటు జరుగుతూ ఉంటుంది. లాంబ్డా ఆలస్యంగా వస్తుంది కాబట్టి దాన్ని కాలంలో వెనక్కి తీసుకెళ్లాలి. అంటే 20.00 సెకన్ల వరుసలో ఉన్న లాంబ్డాను, ఆలస్యం 0.14 అయితే, 19.86 సెకన్ల నాటి ఆర్‌పీఎం, మానిఫోల్డ్ ప్రెషర్, ఇంజెక్టర్ పల్స్‌లతో జతచేయాలి. ఆ క్షణానికి వరుస లేకపోతే దాని ముందూ వెనకా ఉన్న రెండు వరుసల మధ్య లెక్క కట్టుకోవాలి. సరిగ్గా జరిపారో లేదో తెలుసుకోవడానికి మీ దగ్గరే పరీక్ష ఉంది. రెండో గేరు లాగ్‌నూ మూడో గేరు లాగ్‌నూ ఆర్‌పీఎం మీద ఒకదానిపై ఒకటి గీయండి. లోపం రెండింటిలోనూ ఒకే చోట పడితే మీ ఆలస్యం సరైనదే. రెండో గేరు గీత ఇంకా కుడివైపే ఉంటే తక్కువ జరిపారు, ఎడమకు దాటిపోతే ఎక్కువ జరిపారు. ఈ పరుగులను డైనో మీదే చేయండి. గుంటూరు హైవే మీద రాత్రివేళ ఖాళీగా ఉందని మూడో గేరులో ఫుల్ థ్రాటిల్ ఇచ్చి లాగ్ తీసుకోవడం మీ ప్రాణానికీ ఎదుటివారి ప్రాణానికీ ప్రమాదం.

ఇంత చేశాక కూడా పక్కన పెట్టాల్సిన వరుసలు కొన్ని ఉంటాయి. థ్రాటిల్‌ను ఒక్కసారిగా తెరిచిన, మూసిన క్షణాలకు చెందిన వరుసలు, యాక్సిలరేటర్ వదిలినప్పుడు ఇంధనం ఆగిపోయిన కాలం, ఆ తర్వాతి సెకనో రెండో, ఇంజన్ ఇంకా వేడెక్కని కాలం ఫ్యూయల్ టేబుల్ దిద్దడానికి పనికిరావు. పోర్టు ఇంజెక్షన్‌లో (సిలిండర్ బయట, గాలి దారిలో పెట్రోలు చిమ్మే పద్ధతిలో) పెట్రోలు కొంత మానిఫోల్డ్ గోడకు అంటుకుని నెమ్మదిగా సిలిండర్‌లోకి వెళుతుంది. అది ఇంజన్ స్వభావం, దాన్ని సెన్సర్ ఆలస్యం ఖాతాలో వేయకూడదు. కొన్నేళ్ల క్రితం పికప్ దగ్గర కుదుపు ఉందని నా దగ్గరకు వచ్చిన కారు విషయంలో నేను ఈ రెండింటినీ కలిపేశాను. థ్రాటిల్ తెరిచిన 0.3 సెకను తర్వాత లాగ్‌లో లీన్ ముల్లు కనిపిస్తే, థ్రాటిల్ తెరిచినప్పుడు ఈసీయూ ఇచ్చే అదనపు ఇంధనం తొందరగా ఆగిపోతోందని అనుకుని రెండు రోజుల పాటు దాని వ్యవధిని పెంచుతూ పోయాను. కుదుపు అలాగే ఉండి, దాని వెనక రిచ్ కూడా మొదలైంది. మూడో రోజు ఆలస్యం కొలిచి లాంబ్డాను వెనక్కి జరిపితే, ఆ ముల్లు సరిగ్గా థ్రాటిల్ తెరిచిన క్షణం మీదే కూర్చుంది. కావలసింది మొదటి క్షణంలో ఎక్కువ ఇంధనం, ఆ తర్వాత తక్కువ వ్యవధి. నేను సరిగ్గా దానికి వ్యతిరేకంగా చేశాను. ఆ రోజు నుంచి ఆలస్యం కొలవకుండా ఏ కారు టేబుల్‌నూ ముట్టుకోలేదు.

ప్రశ్న: నేను గుంటూరులో ఇంజనీరింగ్ చదువుతున్నాను. మా కారు ఓబీడీ సాకెట్‌కు (ఈసీయూ సమాచారం చదివే సాకెట్‌కు) బ్లూటూత్ రీడర్ పెట్టి, ఫోనులో పన్నెండు విలువలు లాగ్ చేస్తున్నాను. థ్రాటిల్ తెరవకముందే ఆర్‌పీఎం పెరిగినట్టు కొన్ని వరుసల్లో కనిపిస్తోంది. ఇదెలా సాధ్యం?

జవాబు: ఇంజన్‌లో అలా జరగలేదు, రాతలో మాత్రమే అలా పడింది. మీ రీడర్ ఈసీయూను ఒక్కో విలువ కోసం ఒక్కోసారి అడిగి, జవాబు వచ్చాక తర్వాతిది అడుగుతుంది. పన్నెండు విలువల చుట్టు పూర్తయ్యాక యాప్ వాటన్నిటినీ ఒకే సమయం వేసి ఒకే వరుసలో రాస్తుంది. ఆ వరుసలో థ్రాటిల్‌ను మొదట, ఆర్‌పీఎంను చివర అడిగి ఉంటే, మధ్యలో మీరు పెడల్ నొక్కినప్పుడు పాత థ్రాటిల్, కొత్త ఆర్‌పీఎం పక్కపక్కన పడతాయి. ఇక్కడ సెన్సర్ల ఆలస్యం కంటే అడగడంలోని ఆలస్యమే పెద్దది. పన్నెండింటిని మూడు నాలుగుకు తగ్గించండి. ఆర్‌పీఎం, మానిఫోల్డ్ ప్రెషర్, థ్రాటిల్ చాలు; కూలెంట్ ఉష్ణోగ్రతను ప్రతి చుట్టులో అడగడం వృథా. మీ కారు క్యాన్ (కారులోని కంప్యూటర్లు సమాచారం పంచుకునే నెట్‌వర్క్) పద్ధతిలో మాట్లాడేదైతే ఒకే అభ్యర్థనలో ఆరు విలువల వరకు అడిగే వీలు ప్రమాణంలోనే ఉంది. దాన్ని వాడుకునే యాప్‌ను ఎంచుకుంటే ఆ విలువలు దాదాపు ఒకే క్షణానివి అవుతాయి. ప్రతి విలువకూ దాని సొంత సమయాన్ని రాసే యాప్ అయితే ఇంకా మేలు. అప్పుడు అన్నిటినీ ఒకే కాలమానం మీదకు మీరే తెచ్చుకోవచ్చు. ఇలాంటి లాగ్ నిలకడ వేగంలో ఇంజన్ తీరు చూడటానికి పనికొస్తుంది గానీ, సెకనులో పదో వంతు ఆలస్యాలను కొలవడానికి సరిపోదు.

ప్రశ్న: బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర ఆగి బయలుదేరాక, లోపలికి వెళ్లే గాలి ఉష్ణోగ్రత లాగ్‌లో 70 డిగ్రీలు దాటి ఉండి చాలాసేపటికి గానీ దిగడం లేదు. ఈ కాలమ్‌ను కూడా లాంబ్డా లాగే వెనక్కి జరపాలా?

జవాబు: జరపకూడదు. ఆగి ఉన్నప్పుడు ఇంజన్ వేడికి సెన్సర్ శరీరమూ, దాని చుట్టూ ఉన్న మానిఫోల్డూ కాగిపోతాయి. బండి కదిలాక చల్లగాలి లోపలికి వెళుతున్నా సెన్సర్ తన సొంత వేడినే చెబుతూ ఉంటుంది. అప్పుడు అది చూపేది ఏ క్షణంలోనూ లోపలికి వెళ్లిన గాలి ఉష్ణోగ్రత కాదు, కాబట్టి దాన్ని ఎటు జరిపినా సరైన జత దొరకదు. మానిఫోల్డ్ ప్రెషర్‌ను బట్టి ఇంధనం లెక్కించే ఈసీయూ, గాలి పలుచగా ఉందనుకుని ఆ సమయంలో ఇంధనం తగ్గిస్తుంది. ఆ లీన్‌ను చూసి ఫ్యూయల్ టేబుల్ పెంచితే, వేడి దిగాక అదే గడి రిచ్ అవుతుంది. ఆ వరుసలను ట్యూనింగ్ లెక్కలోంచి తీసేయండి. సెన్సర్‌ను వేడి మానిఫోల్డ్ మీద నుంచి ఎయిర్ ఫిల్టర్ తర్వాతి ప్లాస్టిక్ పైపులోకి మార్చండి. తల తెరిచి ఉన్న రకం సెన్సర్ వాడితే అది గాలి మార్పును ఇంకా త్వరగా పట్టుకుంటుంది.